గడువు దాటిన జీతం

1998. అమెరికాలోని అలబామా రాష్ట్రం, గాడ్స్‌డెన్ పట్టణం. గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు మొదలవబోతోంది. గోడలకి కూడా రబ్బరు వాసన పట్టేసిన చోటది. సూపర్‌వైజర్ లిల్లీ లెడ్‌బెటర్ తన ఉత్తరాల అరలో చెయ్యి పెట్టింది. చిన్న కాగితం ముక్క తగిలింది. రాసిందెవరో లేదు. సంతకం లేదు. నాలుగు పేర్లు, పక్కన నాలుగు జీతాలు. అందులో ఒక పేరు తనదే.

మిగతా ముగ్గురూ మగవాళ్లు. తను చేసే పనే చేస్తున్నారు. జీతాలు మాత్రం తనకన్నా ఎంతో ఎక్కువ. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ముందు పన్నెండు గంటల డ్యూటీ ఉంది. చేసింది. యంత్రాల హోరులో ఆ రాత్రంతా ఆమె బుర్రలో తిరిగింది ఆ నాలుగు అంకెలే. అవి నిజమేనా?

నిజమే. తర్వాత కోర్టులో బయటపడిన లెక్క ఇది: 1997 చివరికి ఆ హోదాలో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. నెలకి 3,727 డాలర్లు. అదే హోదాలో పదిహేనుమంది మగవాళ్లుంటే, వాళ్లలో అందరికన్నా తక్కువ తీసుకునేవాడికే 4,286. ఎక్కువ తీసుకునేవాడికి 5,236. 1979లో చేరినప్పుడే ఆమెకి గట్టిగా చెప్పారు, జీతాల సంగతి ఎవరితోనైనా మాట్లాడితే ఉద్యోగం ఉండదని. ఆమె మాట్లాడలేదు. మంచి పనితనానికి 1996లో కంపెనీయే అవార్డు కూడా ఇచ్చింది. అవార్డు ఇచ్చిన చేతులే జీతంలో కోత పెడుతున్నాయని ఆమెకెలా తెలుస్తుంది?

ఇంటికొచ్చి భర్త చార్లెస్‌కి చెప్పింది. బర్మింగ్‌హామ్ వెళ్లి, ఉద్యోగాల్లో వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ కమిషన్‌లో అర్జీ పెడతానంది. అంత పెద్ద కంపెనీతో మనకెందుకు అనలేదాయన. ఎన్నింటికి బయల్దేరదామని అడిగాడు.

1998 మార్చి 25. కమిషన్ ఇచ్చిన ప్రశ్నాపత్రం నింపింది. ఆ తేదీ తన మెడకి చుట్టుకోబోతోందని ఆమె అనుకోలేదు.

అలబామాలో ఎవరి నిర్లక్ష్యం వల్లనైనా గాయపడితే దావా వెయ్యడానికి రెండేళ్లుంటాయి. ఒప్పందం తప్పితే ఆరేళ్లు. కానీ ఉద్యోగంలో వివక్ష ఫెడరల్ చట్టం కిందికి వస్తుంది. దానికి రాష్ట్రంలో సొంత కమిషన్ ఉన్నచోట మూడొందల రోజులు గడువు. అలబామాలో అలాంటి కమిషన్ లేదు. కాబట్టి నూట ఎనభై. ఆర్నెల్లు! ఎప్పట్నుంచి ఆర్నెల్లు?

ఆ ప్రశ్న మొదట్లో ఆమెని ఆపలేకపోయింది. 1998 నవంబరులో రిటైరైంది, ఆ తర్వాత దావా వేసింది. 2003 జనవరిలో ఫెడరల్ కోర్టు జ్యూరీ ఆమె మాట నమ్మింది. ముప్పై లక్షల డాలర్లకి పైగా ఇమ్మంది. పరిహారానికి చట్టం పెట్టిన గరిష్ఠ పరిమితి వల్ల జడ్జి దాన్ని 3,60,000కి తగ్గించాడు. అయినా గెలుపు గెలుపే. కంపెనీ అప్పీలుకి వెళ్లింది. 2005లో అప్పీలు కోర్టు ఆమె చేతిలో పెట్టింది సున్నా.

కంపెనీ లాయర్లు క్యాలెండర్ తిప్పారు. మార్చి 25 నుంచి 180 రోజులు వెనక్కి వెళితే 1997 సెప్టెంబరు 26. ఈ రెండు తేదీల మధ్య కంపెనీ ఆడమనిషన్న కారణంతో తీసుకున్న కొత్త నిర్ణయం ఏది, చూపించమన్నారు. పాత ఇంక్రిమెంట్లలో అన్యాయం జరిగితే అప్పుడే రావాల్సిందన్నారు. ఒక ఏడాది ఇంక్రిమెంటు కాస్త తగ్గి, మరో ఏడాది అసలు లేక, ఎవరికీ కంటికి ఆనని ఆ చిన్న చిన్న తేడాలన్నీ పందొమ్మిదేళ్లపాటు ఒకదాని మీద ఒకటి పేరుకుని, జీతంలోంచి ఓవర్‌టైంలోకి, అక్కణ్నుంచి బతికున్నంతకాలం రావాల్సిన పెన్షన్‌లోకి పాకిపోతే, ఏ రోజున ఏ తేడా మొదలైందో, జీతాల ఊసెత్తితేనే ఉద్యోగం పోయే చోట పనిచేసిన మనిషి ఎలా చెప్పగలదు? ఇక మిగిలింది ఒక్కటే గుమ్మం.

వాషింగ్టన్, సుప్రీంకోర్టు. 2007 మే 29. తొమ్మిదిమంది జడ్జీల్లో అయిదుగురు కంపెనీవైపు. తీర్పు రాసిన జస్టిస్ అలీటో కాలదోషం పట్టిందన్నాడు. గడువు లోపల చెక్కులు వచ్చినమాట నిజమే, కానీ అవి పాత నిర్ణయాల ఫలితాలేగానీ కొత్త వివక్ష కాదన్నాడు. అప్పుడొక గొంతు లేచింది.

రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. అప్పటికి ఆ బెంచి మీద ఉన్న ఒకే ఒక్క మహిళ. భిన్నాభిప్రాయాన్ని కోర్టు హాల్లో పైకి చదవడం అరుదు. ఆమె చదివింది. పక్కవాడి జీతం దాచిపెట్టే చోట వివక్ష ఒక్కరోజులో కనిపించదని, మెల్లమెల్లగా పేరుకుంటుందని విడమరిచింది. దీన్ని సరిదిద్దాల్సింది ఇక చట్టాలు చేసే కాంగ్రెస్సేనంది. తెలియని అన్యాయానికి గడువు లెక్కపెట్టడం ఏం న్యాయమో, ఆ అయిదుగురికీ తట్టకపోవడమే బాధ. మరి కాంగ్రెస్‌కైనా తట్టిందా?

ప్రతినిధుల సభ రెండు నెల్లలో బిల్లు పాస్ చేసింది. 2008 ఏప్రిల్లో సెనేట్ అడ్డం తిరిగింది. డెబ్భై నిండిన లిల్లీ ఊళ్లు తిరిగింది, సభల్లో మాట్లాడింది, సెనేటర్ల గుమ్మాలెక్కింది. ఆ డిసెంబరులో చార్లెస్ పోయాడు. నెల తిరిగేసరికి సెనేట్‌లో మళ్లీ ఓటింగు.

ఈసారి నెగ్గింది. 2009 జనవరి 29న వైట్‌హౌస్‌లో ఒబామా అధ్యక్షుడిగా సంతకం పెట్టిన మొట్టమొదటి బిల్లు అదే. ఆమె పేరే పెట్టారు దానికి. ప్రోనోటు వెనక చెల్లు వేస్తే గడువు మళ్లీ మొదలైనట్టు, తక్కువ జీతం చెక్కు వచ్చిన ప్రతిసారీ ఇక నూట ఎనభై రోజులూ కొత్తగా మొదలవుతాయి. చట్టాన్ని వెనక్కి, 2007 మే 28 నుంచి, అంటే ఆమె ఓడిపోవడానికి సరిగ్గా ముందు రోజునుంచి, అమల్లోకి తెచ్చారు. మరి ఆమె డబ్బు?

రాలేదు. ఆమె కేసు అప్పటికే ముగిసిపోయింది. తగ్గిన జీతం మీద లెక్కగట్టిన పెన్షనూ అలాగే ఉండిపోయింది. గుడ్‌ఇయర్ నుంచి తనకి ఒక్క డాలరూ రాదని తెలిసే తిరిగానని ఆమె సభల్లో చెప్పేది. 2024 అక్టోబరులో, 86 ఏళ్ల వయసులో కన్నుమూసేదాకా సమాన జీతాల కోసం మాట్లాడుతూనే ఉంది.