ఒడంబడికకు పెళ్లి పోలిక

ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల దర్గాలలో ఏటా ఉర్సులు జరుగుతాయి. సందల్ ఊరేగుతుంది, పూలచాదర్లు సమర్పిస్తారు. అరబ్బీలో ‘ఉర్స్’ అంటే పెళ్లి అన్న సంగతి మాత్రం వచ్చినవారిలో చాలామందికి తట్టదు. వలీ కన్నుమూసిన రోజును పెళ్లిరోజని పిలిచేవారే, బైబిలు ప్రవక్తలు దైవాన్ని భర్తతోనూ ఇస్రాయీలు జాతిని భార్యతోనూ పోల్చారనగానే చెవులు మూసుకుంటారు. అల్లాహ్‌కు సహచరి లేదని దివ్యఖుర్ఆన్ స్పష్టం చేసింది గనుక ఈ జంకు సహజమే. కాని ఆ ప్రవక్తలు మాట్లాడింది దాంపత్యం గురించి కాదు, మాట తప్పడం గురించి.

క్రీ.పూ. 8వ శతాబ్దంలో ఉత్తర ఇస్రాయీలు ప్రజలు వానకూ పంటకూ బఅల్‌ను కొలిచేవారు. హీబ్రూలో బఅల్ అంటే యజమాని, భర్త కూడా. మన స్త్రీలు భర్తను ‘మా యజమాని’ అనడం వంటిదే. హోషేయ ఈ మాటనే పట్టుకున్నాడు. దారి తప్పిన గోమెరుతో తన కాపురాన్నే జాతికి సాక్ష్యంగా నిలిపాడు. ఒక కొడుక్కి ‘నా జనం కాదు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మళ్లీ కలిసిన నాడు ఆమె దైవాన్ని బఅల్ అనదని, ‘ఇష్’, అంటే మగడు, అంటుందని చెప్పాడు. క్రీ.పూ. 722 ప్రాంతంలో సమరియ అష్షూరీయుల వశమైంది. యిర్మియా ఇదే పోలికను యూదా రాజ్యానికి వర్తింపజేశాడు. బబులోను చెరలో ఉన్న యెహెజ్కేలు దాన్ని మరీ కటువు చేశాడు. 16, 23 అధ్యాయాలలో ఆ స్త్రీకి పడే శిక్షలు చదవడమే కష్టం. జాతి చేసిన తప్పును స్త్రీ దేహం మీద చూపడం ఈ పోలికలోని లోపమని ఒప్పుకోక తప్పదు.

ఖుర్ఆన్‌లోనూ బఅల్ రెండర్థాలలో కనిపిస్తుంది. బఅల్‌ను వేడుకోవడాన్ని హజ్రత్ ఇల్యాస్ (అ) నిరసిస్తారు (37:125). హజ్రత్ ఇబ్రాహీం (అ) సతీమణి తన భర్తను ఆ మాటతోనే ప్రస్తావిస్తారు (11:72). అంతకన్నా గమనించవలసింది ‘మీసాఖన్ గలీజా’, అంటే దృఢమైన ఒడంబడిక. ఖుర్ఆన్‌లో ఈ పదబంధం మూడే చోట్ల వస్తుంది: నికాహ్ గురించి (4:21), తూర్ కొండ నీడన ఇస్రాయీలు సంతతి గురించి (4:154), ప్రవక్తల గురించి (33:7). దైవాన్ని భర్త అనకుండానే పెళ్లి ప్రమాణానికీ దైవంతో ప్రమాణానికీ ఒకే మాట వాడడం జరిగింది.

ఉర్సు దారి వేరు. సమాధిలో విశ్వాసిని కొత్త పెళ్లికూతురిలా నిదురించమంటారని తిర్మిజీ హదీసులో ఉంది. ఆ పేరుకు దీన్నే ఆధారంగా చూపుతారు. అది ఒక్క దాసునికి మరణానంతరం దొరికే సంతోషం. హోషేయ ముందున్నది బతికున్న జాతి, తెగని పంచాయితీ.