సబ్‌ ఊఫర్‌కు చోటు దొరికిన కథ

బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. ఇళయరాజా పాటల్లో పల్లవి కింద తన దారిన తాను నడిచిపోయే ఆ గిటార్ కోసమే స్పీకర్లు మార్చినవాళ్లు మా వేలూరు వైపు పళ్ళికొండలోనూ ఉన్నారు, గుడియాత్తంలోనూ ఉన్నారు. చిక్కల్లా ఒక్కటే. బీరువా అరలో ఇమిడే చిన్న స్పీకర్ ఆ 41ని పలకలేదు. మోత ఒకే తీరున ఉండాలంటే, స్వరం ఒక స్థాయి దిగినప్పుడల్లా స్పీకర్ కోన్ నాలుగింతలు ఊగాలి. 80 హెర్ట్జ్ (అంటే సెకనుకు 80 కంపనాల) దగ్గర ఒక మిల్లీమీటరు ఊగితే సరిపోయేది, 40 దగ్గర నాలుగు, 20 దగ్గర పదహారు మిల్లీమీటర్లు కావాలి. అయిదంగుళాల కోన్‌కు అంత ఊపు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇప్పుడు మనం వాడుతున్న స్పీకర్ మూలరూపాన్ని 1925లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ లోకానికి చెప్పారు. ఆ తర్వాత చాలా ఏళ్లు బేస్ కావాలంటే పెట్టె పెంచడమే మార్గం. 1946లో ఆర్కన్సాలో పాల్ క్లిప్ష్ అమ్మకానికి తెచ్చిన బాకా స్పీకర్ మనిషి భుజాల ఎత్తుకు వచ్చేది. దాన్ని గది మూలలోనే పెట్టాలి. మూలన కలిసే రెండు గోడలూ దాని బాకాకు కొనసాగింపుగా పనిచేసేలా కట్టాడాయన. పెట్టిన చోటు కూడా స్పీకర్‌లో భాగమేనన్న సంగతి అప్పుడే బయటపడిందన్నమాట. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అందరి కళ్లూ పెట్టె మీదే.

ఆ పెట్టెను కుదించినవాడు ఎడ్గార్ విల్చర్. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడు. అప్పటిదాకా ఊగిన కోన్‌ను మళ్లీ వెనక్కి లాగే పని దాని అంచున ఉండే బిరుసు మడతలది. ఊపు ఎక్కువైతే ఆ మడతలు సమంగా లాగలేవు, స్వరం చెదిరిపోతుంది. విల్చర్ ఆ అంచు కోసేసి, పరుపులకు వాడే గుడ్డతో మెత్తటి అంచు పెట్టాడు. గుడ్డ ఎలా కత్తిరించాలో గీసిచ్చింది ఆయన భార్య రోజ్‌మేరీ. ఆ స్పీకర్‌ను గాలి చొరని చిన్న పెట్టెలో బిగించాడు. ఇక కోన్‌ను అదుపులో పెట్టేది లోపల చిక్కుకున్న గాలే. లోహపు స్ప్రింగు కన్నా, బిరుసు మడతల కన్నా గాలి సమంగా లాగుతుంది, సమంగా నెడుతుంది. ఈ ఆలోచనను అప్పటికే పేరున్న ఒక కంపెనీ వద్దంది. దాంతో తన విద్యార్థి హెన్రీ క్లాస్‌తో కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టి, 1954లో ఏఆర్-1 తెచ్చాడు. వేలకు వేలు పోసి కొనే వెండి తీగల కన్నా ఆ పరుపు గుడ్డకే హై-ఫై ఎక్కువ రుణపడి ఉందని నా లెక్క.

ఇదేమీ ఊరికే రాలేదు. చిన్న పెట్టెలో బేస్ పలికించాలంటే ఆంప్లిఫయర్ చాలా శక్తి పొయ్యాలి. క్లాస్ తర్వాత మరో ఇద్దరితో కలిసి పెట్టిన కేఎల్‌హెచ్ కంపెనీలో ‘హెచ్’ అంటే జోసెఫ్ ఆంటన్ హాఫ్‌మన్, ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు. ఆయన పేరుతో ఒక ‘ఇనప సూత్రం’ నిలిచిపోయింది: లోతైన బేస్, చిన్న పెట్టె, తక్కువ శక్తితో ఎక్కువ మోత, ఈ మూడింట్లో ఏవైనా రెండే అడగండి, మూడోది దొరకదు. ఏ పెట్టెకు ఏ స్పీకర్ అన్న లెక్కను ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో తేల్చేశారు. ఇవాళ చెన్నై రిచీ స్ట్రీట్‌లో విడి స్పీకర్ కొని వడ్రంగి చేత పెట్టె చేయించుకునే కుర్రాడు కూడా, తెలిసో తెలియకో, ఆ ఇద్దరి లెక్కలనే వాడుతున్నాడు.

మధ్యలో స్టీరియో వచ్చిపడింది. 1958 నుంచి స్టీరియో రికార్డులు బజారుకెక్కాయి. ఒక పెద్ద పెట్టెకే ముఖం చిట్లించే ఇల్లాళ్ల ముందుకు రెండు పెట్టెలు తేవాలి! అక్కడే అసలు మలుపు. బాగా కింది స్వరాలు ఎటు నుంచి వస్తున్నాయో చెవి పోల్చుకోలేదు. 80 హెర్ట్జ్ అల పొడవు నాలుగు మీటర్ల పైన. మన రెండు చెవుల మధ్య ఎడం జానెడు. అంత పొడుగు అల రెండు చెవులనూ దాదాపు ఒకేలా తాకుతుంది. మరి బేస్ కోసం రెండు పెట్టెలెందుకు? కుడి ఎడమలకు రెండు చిన్న స్పీకర్లు, కింది స్వరాలకు ఎక్కడో ఒక పక్కన ఒకే ఒక్క పెట్టె చాలు కదా! ఆ ఒక్క పెట్టే సబ్‌ ఊఫర్. కాలిఫోర్నియాలోని ఎల్ సెరిటోకు చెందిన రేమండ్ డోన్స్ అచ్చంగా ఈ పనికే కట్టిన పెట్టెకు 1964లో పేటెంటు పొందాడు. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో వినేవాడికి తెలియకూడదన్నది ఆయన పెట్టుకున్న షరతు. 1968లో ఇన్ఫినిటీ కంపెనీ పద్దెనిమిదంగుళాల బేస్ పెట్టెతో తన సర్వో స్టాటిక్ సెట్టు తెచ్చింది. 1973లో స్టీలీ డాన్ బృందం ‘ప్రెట్జెల్ లాజిక్’ ఆల్బమ్ మిక్సింగ్ కోసం లాస్ ఏంజెలెస్‌లో కెన్ క్రీసెల్ చేత ఒక సబ్‌ ఊఫర్ చేయించుకుంది. స్టూడియోల్లో దానికి గౌరవం అప్పటి నుంచే.

జనానికి తెలిసింది మాత్రం సినిమా వల్ల. 1974లో ‘ఎర్త్‌క్వేక్’ కోసం యూనివర్సల్ కంపెనీ హాళ్లలో భారీ బేస్ పెట్టెలు దింపి కుర్చీలు అదరగొట్టింది. 1977లో ‘స్టార్ వార్స్’ 70 ఎం.ఎం. ప్రింట్ల ఆరు ట్రాకుల్లో రెండిటిని డాల్బీ వాళ్లు ఒట్టి బేస్‌కే కేటాయించారు. తెలుగువాళ్లకు 70 ఎం.ఎం., ఆరు ట్రాకుల శబ్దం 1986లో కృష్ణ ‘సింహాసనం’తో వచ్చాయి. ఆ తర్వాత 5.1 అన్న అంకె వచ్చింది. ఆ చుక్క తర్వాతి ఒకటి మన సబ్‌ ఊఫరే. అంకె హాల్లోంచి ఇంట్లోకొచ్చింది, పెట్టె కూడా వెంట వచ్చింది.

ఇక్కడి నుంచి కథ నాకు ఎక్కువ ఇష్టం. పెట్టె తయారైంది సరే, దాన్ని చిన్న స్పీకర్లతో జోడించేదెలా?

బీబీసీ వాళ్లు 1970లలో ప్రసార వ్యాన్లలో పెట్టుకోవడానికి ఎల్‌ఎస్3/5ఎ అనే అడుగెత్తు స్పీకర్ చేసుకున్నారు. గొంతును అంత సహజంగా పలికిన చిన్న పెట్టె తక్కువ. బేస్ మాత్రం అడక్కూడదు. అలాంటి స్పీకర్ పక్కన గుడ్డిగా ఒక సబ్‌ ఊఫర్ తెచ్చి పడేస్తే పాట రెండుగా చీలిపోతుంది, పైన పాట, కింద మోత. స్వరాలు ఒకదాన్నుంచి మరోదానికి చేతులు మారే చోట రెండూ సరిసమానంగా పలకాలి, రెండు కోన్‌లూ ఒకే క్షణాన ముందుకు రావాలి. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ పోతే ఆ స్వరాలు ఒకదాన్నొకటి మింగేస్తాయి. హ్యూలెట్ ప్యాకర్డ్‌లో పనిచేసే సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్ 1976లో, సహోద్యోగి రస్ రైలీతో కలిసి రూపొందించిన, స్వరాలను రెండిటికీ పంచే క్రాసోవర్ ఈ అప్పగింతను చక్కబెట్టింది. ఇప్పటికీ హోమ్ థియేటర్ యంత్రాల్లో సబ్‌ ఊఫర్ వైపు అప్పగింత ఎక్కువగా దాని ప్రకారమే జరుగుతుంది. ఏ స్వరం దగ్గర చేతులు మార్చాలన్న దానికి టామ్లిన్సన్ హోల్మన్ రూపుదిద్దిన టీహెచ్‌ఎక్స్ ప్రమాణం 80 హెర్ట్జ్ అంది. వేల్స్‌లో 1990లో రెల్ కంపెనీ పెట్టిన రిచర్డ్ లార్డ్ దారి వేరు. చిన్న స్పీకర్లను వాటి మానాన పూర్తిగా పలకనిచ్చి, అవి అలసిపోయే చోట కింద నుంచి అందుకోమన్నాడు. తీగ కూడా ఆంప్లిఫయర్‌లో స్పీకర్లకు పోయే చోటి నుంచే లాగమన్నాడు. పాటలకు ఇదే బాగుంటుందని నేనంటాను. సినిమాలకు మొదటిదే మేలు.

బజారులో దొరికే సెట్లలో చిన్న స్పీకర్లు మరీ పిడికెడు ఉంటే సంగతి వేరు. అవి 150, 200 హెర్ట్జ్ దాకా దిగలేవు. ఆ బరువంతా సబ్‌ ఊఫర్ నెత్తిన పడుతుంది. అంత పైకి వెళ్లాక చెవికి దిక్కు తెలిసిపోతుంది. అప్పుడు ఘంటసాల గొంతు తెర దగ్గర కాక సోఫా పక్కన డబ్బాలోంచి వస్తుంది. ఇది ఎంత సర్దినా పోదు.

పెట్టె, జోడింపు తేలేసరికి మిగిలింది చోటు. క్లిప్ష్ మూలన పెట్టి చూపించిన సంగతి మళ్లీ ఎదురొచ్చింది. అకౌస్టిక్ రీసెర్చ్‌లో పనిచేసిన రాయ్ అలిసన్ 1974లో, గోడలు స్పీకర్ మోతను ఎలా పెంచుతాయో తుంచుతాయో కొలిచి రాశాడు. గోడకు మీటరు ఎడంగా పెట్టిన స్పీకర్ మోత, వెనక గోడకు కొట్టుకుని తిరిగొచ్చే అల వల్ల 86 హెర్ట్జ్ దగ్గర పడిపోతుంది. ఇది స్పీకర్ తప్పు కాదు, దాన్ని అక్కడ పెట్టినవాడి తప్పు.

గదికీ తన స్వరం ఉంటుంది, ఖాళీ బిందెలోకి కూనిరాగం తీస్తే ఒక్క స్వరం దగ్గర అది గుమ్మన్నట్టు. శబ్దం వేగం సెకనుకు 343 మీటర్లు, మా వేలూరు ఎండల్లో ఇంకాస్త ఎక్కువ. దాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే ఆ స్వరం వస్తుంది. పదమూడు అడుగుల గది 43 హెర్ట్జ్ దగ్గర గుమ్మంటుంది, పది అడుగులది 56 దగ్గర. ఇప్పుడు మన ఇళ్లు చూడండి. పదికి పది గది, పైన పది అడుగుల ఎత్తున స్లాబు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 56 దగ్గరే! దానికి తోడు తొమ్మిదంగుళాల ఇటుక గోడ. అమెరికాలో చెక్క చట్రానికి జిప్సం పలకలు కొట్టిన గోడలు తామూ కాస్త ఊగి బేస్‌లో కొంత తాగేస్తాయి, కొంత బయటికి వదిలేస్తాయి. మన గోడలు ఏదీ తాగవు. అక్కడి సలహాలను ఇక్కడ యథాతథంగా పాటించినవాళ్ల ఇళ్లలో ఒక్క స్వరమే మోగుతుంది.

పైగా వాస్తు! నైరుతిలో బరువుండాలని సబ్‌ ఊఫర్‌ను నైరుతి మూలకు తోసిన ఇళ్లు నేను చూశాను. మూల అంటే పొడవు స్వరం, వెడల్పు స్వరం, ఎత్తు స్వరం మూడింటినీ ఒకేసారి తట్టిలేపే చోటు. గోడకు ఆనించిన సోఫాలో కూర్చున్న మామగారికి గుండె అదురుతుంది, గది నడుమ కుర్చీలో ఉన్న అల్లుడికి బేసే వినపడదు. మొదటి స్వరం గోడల దగ్గర నిండుగా, నట్టనడుమ సున్నాగా ఉంటుంది మరి. అల్లుడు వాల్యూమ్ పెంచుతాడు, మామగారు లేచి వెళ్లిపోతారు.

గుడియాత్తం గంగమ్మ సిరసు ఊరేగింపులో పంబలు మోగుతుంటే విన్నారా? ఆరుబయట, గోడల్లేని చోట, ఒక్కో దెబ్బ విడివిడిగా పడి ఆగిపోతుంది. అదే మోత కల్యాణ మండపంలోకి వస్తే గుయ్యిమంటుంది. మైక్ సెట్టువాళ్లకిది చెప్పక్కర్లేదు.

మంచి చోటు కనుక్కోవడానికి వాడుకలో ఉన్న ఉపాయం చూడ్డానికి నవ్వొస్తుంది గానీ దాని వెనక 19వ శతాబ్దపు హెల్మ్‌హోల్ట్జ్, రేలీల సిద్ధాంతం ఉంది. శబ్దం పుట్టే చోటు, వినే చోటు తారుమారు చేసినా వినికిడి అదే. కాబట్టి సబ్‌ ఊఫర్‌ను ఎత్తి మీరు కూర్చునే కుర్చీలో పెట్టండి. బేస్ గిటార్ మెట్టుమెట్టుగా దిగే పాట ఒకటి వెయ్యండి. ఇక మీరు నేల మీద పాకుతూ గోడల వెంట పొండి. ఒకచోట ఒక్క స్వరమే ఉరుముతుంది, ఇంకోచోట రెండు స్వరాలు మాయమవుతాయి. ఎక్కడ అన్ని మెట్లూ సమంగా వినిపిస్తాయో అక్కడ దాన్ని దించండి. ఇంట్లోవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. తర్వాత దాని వెనకున్న, కోన్ ముందువెనకల ఊపును తారుమారు చేసే ఫేజ్ మీటను అటూ ఇటూ నొక్కించి, కుర్చీలో కూర్చుని వినండి. 80 దగ్గరి స్వరాలు ఎటు నొక్కినప్పుడు నిండుగా ఉన్నాయో అదే సరైన వైపు. మోత మాత్రం చివర్న సర్దాలి. సబ్‌ ఊఫర్ కట్టేస్తేనే అది ఉందని తెలియాలి.

ఒక్క కుర్చీ కాదు, గదిలో అందరికీ సమంగా వినపడాలంటే? ఈ ప్రశ్నను హర్మన్ కంపెనీ పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో కంప్యూటర్ లెక్కలతో పట్టుకున్నాడు. ఎన్ని సబ్‌ ఊఫర్లు, ఎక్కడెక్కడ అని రకరకాలుగా మార్చి చూశాడు. నాలుగు గోడల నడిమిన నాలుగు పెడితే చాలా బాగుంది. ఎదురెదురు గోడల నడిమిన రెండు పెట్టినా దానికి కాస్త అటూ ఇటుగా వచ్చింది. నాలుగు దాటితే లాభం లేదు. కిటుకు సులువే. గోడ నడిమిన పెట్టిన పెట్టె వెడల్పు స్వరాన్ని లేపదు. ఎదురుగా ఉన్నది పొడవు స్వరాన్ని అటు నుంచి అణిచేస్తుంది. మన పదికి పది గదికి ఇంతకన్నా మంచి మందు లేదు. పదిహేనంగుళాల సబ్‌ ఊఫర్ ఒకటి కొనే డబ్బుతో ఎనిమిదంగుళాలవి రెండు కొనండని నేను ఎవరడిగినా చెప్తాను.

రెండు కొనే వీలు లేదంటారా? సబ్‌ ఊఫర్ డబ్బాలో వచ్చే తీగ పొట్టిది. మన ఇళ్లలో అది టీవీ స్టాండు పక్కనే పాతుకుపోవడానికి సగం కారణం అదే. ముందు అయిదారు మీటర్ల తీగ ఒకటి తెచ్చుకుని, ఉన్న సబ్‌ ఊఫర్‌నే ఎదురుగోడ నడిమికి జరిపి వినండి. కొత్తది కొనాలో వద్దో ఆ తర్వాత తేల్చుకోవచ్చు.