జర్మన్ అధ్యయన శాఖలు: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మ్యూనిక్ దాకా (1846–1966)

జర్మన్ భాషాసాహిత్యాల విశ్వవిద్యాలయ అధ్యయనానికి ‘గెర్మనిస్టిక్’ అని పేరు. గ్రీకు, లాటిన్‌లు ఏలిన విద్యాపీఠాల్లో మాతృభాషకు స్థానం దొరికింది 19వ శతాబ్ది ఆరంభంలోనే. నెపోలియన్ చేతిలో ప్రష్యా ఓడిన నాలుగేళ్లకు, 1810లో, కొత్తగా వెలసిన బెర్లిన్ విశ్వవిద్యాలయం ఫాన్ డెర్ హాగెన్‌ను ఈ విషయానికి ఆచార్యుడిగా తీసుకొంది. అది పూర్తిస్థాయి పీఠం కాదు. ఆయన అప్పటికే నీబెలుంగెన్ కావ్యాన్ని ప్రకటించి ఉన్నారు. ఓడిన దేశం తన ప్రాచీన కావ్యంలో ఆత్మగౌరవాన్ని వెదుక్కోవడం ఈ శాఖ పుట్టుకలోనే ఉంది.

శాస్త్రీయతను సమకూర్చినవారు తరువాత వచ్చారు. యాకోబ్ గ్రిమ్ 1819లో జర్మన్ వ్యాకరణం తొలి సంపుటం వెలువరించారు. 1822 నాటి రెండవ కూర్పులో ధ్వనిపరిణామ సూత్రాన్ని వివరించారు. 1826లో కార్ల్ లాహ్‌మన్ నీబెలుంగెన్ కావ్యాన్ని పరిష్కరించారు. ప్రతులను పోల్చి పాఠనిర్ణయం చేసే ఆయన పద్ధతి తాళపత్రాలతో పనిచేసే మన పరిశోధకులకూ పరిచితమే.

గ్రిమ్ కేవలం వ్యాకర్త కారు. 1837లో హానోవర్ రాజు రాజ్యాంగాన్ని రద్దుచేయగా నిరసించిన ఏడుగురు గోటింగెన్ ఆచార్యులలో యాకోబ్, విల్హెల్మ్ సోదరులిద్దరూ ఉన్నారు. ఏడుగురికీ ఉద్యోగాలు పోయాయి. యాకోబ్‌తో సహా ముగ్గురికి దేశబహిష్కారం కూడా విధించారు. 1846 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో న్యాయ, చరిత్ర, భాషా పండితుల తొలి సభకు ఆయనే అధ్యక్షులు. అంతవరకు జర్మన్ న్యాయశాస్త్రజ్ఞులకే చెల్లిన ‘గెర్మనిస్ట్’ అన్న మాటను మూడు వర్గాలకూ వర్తింపజేశారు. జాతి అంటే ఒకే భాష మాట్లాడే జనమని నిర్వచించారు. ముక్కలుగా ఉన్న రాజ్యాల మధ్య, నిరంకుశ రాజుల ఎదుట, అది ఉదారవాద నిర్వచనం. అయితే అదే సభలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ సమస్య చర్చకు రావడం గమనార్హం. భాష సరిహద్దే దేశం సరిహద్దు అన్న వాదన పొరుగువాడి నేలమీదికి ఎంత సులభంగా నడుస్తుందో అప్పుడే కనిపించింది.

1933 మే 10న పుస్తకదహనాలు జరిగినప్పుడు బాన్‌లో హన్స్ నౌమన్, గోటింగెన్‌లో గెర్హార్డ్ ఫ్రికె ప్రసంగించారు. ఇద్దరూ జర్మన్ సాహిత్య విద్వాంసులే. అదే ఏడాది బరోక్ సాహిత్య పరిశోధకుడు రిచర్డ్ అలెవిన్‌ను హైడెల్‌బర్గ్ పదవి నుంచి తొలగించారు. శాఖను బయటివారు ఆక్రమించారనడం సగం సత్యమే. తలుపులు లోపలివారే తీశారు.

యుద్ధానంతరం చాలాకాలం కావ్యాన్ని కావ్యంగానే చదవాలన్న అంతర్గత విమర్శ రాజ్యమేలింది. అందులో నిజమైన సూక్ష్మత ఉంది, అనుకూలమైన మౌనమూ ఉంది. 1966 అక్టోబరులో మ్యూనిక్ మహాసభ ఆ మౌనాన్ని ఛేదించింది. లెమెర్ట్, కిలీ, కాన్రాడి, ఫాన్ పొలెంజ్‌ల ప్రసంగాలు మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చాయి. భాషా పరిశోధకులకు వీటిలో ముఖ్యమైనది పొలెంజ్‌ది. ఆయన అన్యదేశ్య పదాల బహిష్కరణ ఉద్యమాన్ని పరిశీలించారు. 1885లో స్థాపితమైన భాషాసంఘం నాజీలను ఉత్సాహంగా స్వాగతించింది. పాలకులకు మాత్రం ‘ప్రొపగాండా’ వంటి పరభాషా పదాలు కావలసి వచ్చాయి. 1940లో వారే ఆ శుద్ధీకరణను ఆపించారు. పదాల శుద్ధికి, ఆలోచన శుద్ధికి సంబంధం లేదనడానికి ఇంతకన్నా నిదర్శనం అరుదు.

ఈ చర్చ, దానిని అనుసరించిన విద్యార్థి ఉద్యమం పాఠ్యప్రణాళికను మార్చాయి. ఆధునిక భాషాశాస్త్రం, సాహిత్య సామాజిక చరిత్ర, ప్రజాదరణ సాహిత్యం, ప్రవాస రచయితలు తరగతి గదిలోకి వచ్చారు. భాష, సంస్కృతి, సమాజాలను కలిపి చదివే నేటి పద్ధతికి ఒక మూలం ఇక్కడుంది.

మ్యూనిక్ అన్నిటినీ బయటపెట్టలేదు. ఆఖెన్‌లో ఆచార్యుడై, 1970లో ఆ విశ్వవిద్యాలయానికే రెక్టర్ అయిన హన్స్ ష్వెర్టె ఉదారవాదిగా పేరుపొందారు. ఫౌస్ట్ భావనను జాతీయవాదం ఎలా వాడుకొన్నదో 1962లో గ్రంథం రాశారు. ఆయన అసలు పేరు హన్స్ ఎర్నెస్ట్ ష్నైడర్ అనీ, ఎస్‌ఎస్ అధికారిగా పనిచేసి యుద్ధానంతరం పేరు మార్చుకొన్నారనీ 1995లో గాని లోకానికి తెలియలేదు.