హాస్టల్ నీళ్లకు లెక్క ఎక్కడున్నది?



కుమ్రం భీమ్ పేరు చెప్పుకొని మనం ఇచ్చే నినాదంలో మొదటి మాట జల్. జంగల్, జమీన్ ఆ తర్వాతే. కానీ మన బడుల చరిత్ర చూస్తే, జల్‌కు లెక్క రాసిన కాగితం వెతికినా దొరకడం కష్టం.

1940లో జోడేఘాట్‌లో భీమ్ నేలకొరిగిన తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది. అప్పటివి ఊరిబడులు. పిల్లలు పొద్దుగూకితే ఇంటికి పోయేవారు, స్నానం వాగులోనే. తర్వాత ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు వచ్చినయి. వందల మంది ఒకే కప్పు కింద ఉండాల్సి వచ్చింది. వాగు స్థానంలో బోరు, ట్యాంకు వచ్చినయి.

ఎన్ని నీళ్లు కావాలో దేశంలో లెక్క లేక కాదు. భారత ప్రమాణాల సంస్థ 1993 నాటి ఐఎస్ 1172 ప్రకారం పగటిబడిలో తలకు రోజుకు 45 లీటర్లు, పిల్లలు ఉండి చదివే బడిలో 135 లీటర్లు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ మాత్రం సురక్షితమైన, సరిపడా తాగునీరు ఉండాలన్నది. సరిపడా అంటే ఎన్ని లీటర్లో అందులో లేదు. 2020 అక్టోబర్ 2న బడులకు, ఆశ్రమశాలలకు నల్లా ఇచ్చే వంద రోజుల కార్యక్రమం మొదలైంది. నల్లా పెడితే లెక్కలోకి వచ్చింది. అందులోంచి ఎన్ని నీళ్లొచ్చినయో వేరే సంగతి.

300 మంది ఉన్న హాస్టల్‌కు 135 చొప్పున రోజుకు 40,500 లీటర్లు కావాలి. మనకు అందేదెంతో మీటరు లేకున్నా తెలుసుకోవచ్చు. సంపు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు అనుకుందాం. మోటరు బంద్ ఉన్నప్పుడు కర్ర దించి తడి ఎక్కడిదాకా ఉందో గుర్తు పెట్టాలి. మళ్లీ నీళ్లు నింపేలోపు మట్టం 1 మీటరు దిగితే వాడింది 6,000 లీటర్లు. రోజంతా అంతే అయితే తలకు 20 లీటర్లు, అంటే ఒక్క బకెట్. తాగాలన్నా, స్నానానికన్నా, బట్టలకన్నా, దొడ్డికన్నా అదే.

నెలసరి రోజుల్లో ఉన్న చెల్లెళ్లకు ఆ బకెట్ ఏం సరిపోతది?

నీళ్లు లేవంటే "చూద్దాం" అంటారు. 135కు 20 అని తేదీలతో రాసిస్తే జవాబు చెప్పాల్సి ఉంటది. ఈ ఎండాకాలం ప్రతి హాస్టల్లో ఒక నోటుబుక్కు పెడదాం. మన లెక్క మనమే రాసుకుందాం.

జల్, జంగల్, జమీన్!