గనిలో ఆరు వాట్లు

ఒక రేడియో కేంద్రము ఎన్ని వాట్లదని అడుగునపుడు మనము పెద్ద సంఖ్యనే వినగోరుదుము. 1935లో నైజాం ప్రభుత్వము చేపట్టిన నాడు హైదరాబాదు దక్కన్ రేడియో శక్తి 200 వాట్లు మాత్రమే. అది పెరిగిన కొలది శ్రోతలకు సంతోషము. కాని రామగుండము, గోదావరిఖని ప్రాంతమున బొగ్గుబాయిలోనికి దిగు మనిషి చేతి వైర్‌లెస్ సెట్టు విషయమున ప్రశ్న తలక్రిందులగును. దాని శక్తి ఎంతకు మించరాదు?

ఈ ప్రశ్నకు మూలము వైర్‌లెస్ కాదు, ఒక గంట. సింగరేణి సీమలోని ఇల్లెందులో బొగ్గు త్రవ్వకము 1889లో ఆరంభమైనది. ఇరువదినాలుగేండ్ల తరువాత, 1913 అక్టోబరు 14న, వేల్సులోని సెంగెనిడ్ గనిలో ప్రేలుడు సంభవించి 439 మంది శ్రామికులు మరణించిరి. కారణము నిశ్చయముగా తేలలేదు. కాని సంకేతపు గంట తీగెలలో పుట్టు నిప్పురవ్వపై అనుమానము కలిగెను. చిన్న బాటరీతో మ్రోగు గంట వలన ముప్పేమని అంతవరకు తలచిరి. ముప్పు బాటరీ ఓల్టులలోనే గాక, గంటలోని తీగెచుట్టలో నిలువయుండు శక్తిలోను ఉన్నదని వీలర్, థార్న్‌టన్ అను శాస్త్రజ్ఞుల పరిశోధనలు చూపినవి.

గాలిలో మీథేను వాయువు నూటికి 5 మొదలు 15 పాళ్ల వరకు ఉన్నచో ప్రేలగలదు. దానికి నిప్పంటించుటకు ఒక జౌలులో సుమారు 3,500వ వంతు శక్తి చాలును.

వైర్‌లెస్‌కు తీగె లేదు గదా యని మనము నిశ్చింతగా ఉండరాదు. ఆ తరంగములు పట్టాలపైనను, హాలేజి రోపుపైనను, డిటొనేటరు తీగెలపైనను పడినపుడు వానిలో విద్యుత్తు పుట్టును. అతుకు విడిన చోట రవ్వ లేవవచ్చును. అందుచేతనే భారతదేశము స్వీకరించిన అంతర్జాతీయ ప్రమాణము, మీథేను గల గనులలో రేడియో తరంగముల శక్తికి 6 వాట్లు హద్దుగా నిర్ణయించినది. సెట్టులోని బాటరీని, తీగెలను వేరుగా పరీక్షింపవలెను. గనుల భద్రతా డైరెక్టరేటు ఆమోదమును కావలెను.

ఈ శక్తిని కొలుచుట ఎట్లు? ఏరియల్‌ను తీసివేసి, దాని స్థానమున 50 ఓముల నిరోధమును తగిలింతురు. తరంగములుగా పోవలసిన శక్తి యంతయు అందులో వేడిగా మారును. నిరోధము చివరల మధ్య ఓల్టులను కొలిచి, ఆ సంఖ్యను దానితోనే హెచ్చించి, 50చే భాగింతురు. 10 ఓల్టులు వచ్చినచో శక్తి 2 వాట్లు.

లెక్క ఇంతటితో ముగియదు. ఏరియల్ తరంగములను ఒక దిక్కున ఎన్ని రెట్లు కేంద్రీకరించునో, దానిచే మరల హెచ్చింపవలెను. రెండు రెట్ల ఏరియల్‌తో ఆ సెట్టు 4 వాట్లై హద్దులో నుండును. నాలుగు రెట్ల ఏరియల్ తగిలించినచో 8 వాట్లై హద్దు దాటును. సెట్టు అదే, చేయి అదే. మారినది ఏరియల్ మాత్రమే.

కొలత లేనిచో మనకు మిగులునది “చిన్న సెట్టే గదా” అను నమ్మకము. “చిన్న గంటయే గదా” అని ఒకనాడు నమ్మినదియు ఇట్టిదే.