మూతి నుండి దట్టించే పిస్తోలు: గురి సాధనలో యంత్రం, అభ్యాసం

19వ శతాబ్ది తొలినాళ్లలో లండన్ డేవీస్ వీధిలోని జోసెఫ్ మాంటన్ గురిశాలలో కవి బైరన్ వంటివారు పిస్తోలు అభ్యాసం చేసేవారు. నాటి చెకుముకి పిస్తోలులో మీట నొక్కగానే గుండు వెలువడదు. రాతి రాపిడికి పుట్టిన నిప్పురవ్వ పళ్లెంలోని మందును అంటించాలి. ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోని మందును చేరాలి. ఆ లిప్తకాలంలో చేయి చలిస్తే గురి తప్పుతుంది. కనుక మీట నొక్కిన పిదప కూడా చేతిని నిలకడగా ఉంచడమే సాధనలో తొలి సూత్రం.

1807లో స్కాట్లండ్ మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సిత్ పేటెంటు పొందిన జ్వలన విధానం, దాని నుండి వికసించిన టోపీ పిస్తోలు ఆ వ్యవధిని తగ్గించాయి. అయితే అవి సాధన భారాన్ని తొలగించలేదు. మందు కొలత, గుండును చుట్టే గుడ్డ మందం, దట్టించే ఒత్తిడి, గొట్టంలో పేరుకొనే మసి ప్రతిసారీ ఒకే తీరున లేకుంటే గుండ్లు లక్ష్యంపై చెదురుతాయి.

1971లో ఏర్పడిన ఎమ్.ఎల్.ఏ.ఐ.సి. అంతర్జాతీయ సమాఖ్య నియమాలు ఈ సత్యాన్నే ప్రతిబింబిస్తాయి. 25 మీటర్ల పిస్తోలు పోటీలో 30 నిమిషాలలో 13 గుండ్లు పేల్చగా, ఉత్తమమైన 10 మాత్రమే లెక్కకు వస్తాయి. ఒక్కొక్క గుండుకు రెండు నిమిషాలకు పైగా లభించే ఈ వ్యవధిలో పరీక్షకు నిలిచేది వేగం కాదు, దట్టింపులోనూ గురిలోనూ ఏకరూపత. యంత్రం మారినా నైపుణ్యానికి మూలం మారలేదు.