పాడినవారి పేరు

పాట చెవిని సోకినంతనే, పాడినది ఎవరో చెప్పగల శ్రోతలు మన యిండ్లలో ఎందరో కలరు. ఇది సహజమని మనము తలతుము. కాని సినిమా చరిత్రమున పాడినవారి పేరు లోకమునకు తెలియుట సులభముగా జరిగిన పని కాదు. ఆ కథనే మేమిచట సంగ్రహముగా చెప్పదలచినాము.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటరులో అర్దేషిర్ ఇరానీ తీసిన 'ఆలమ్ ఆరా' విడుదలైనపుడు ఈ చిక్కు లేదు. అందలి పాటలను నటులే పాడుకొనిరి. కెమేరా తిరుగుచుండగనే పాడవలెను. వాద్యగాండ్రు కెమేరా కంటబడకుండ దాగి వాయింపవలెను. రూపము, అభినయము, కంఠము మూడును ఒక్కరియందే ఉండవలసి వచ్చెను. సైగల్ వంటివారు అట్టి అరుదైన కోవకు చెందినవారు.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు ఈ బంధమును సడలించిరి. నితిన్ బోస్ దర్శకత్వమున, రాయ్‌చంద్ బోరాల్ సంగీతముతో తయారైన 'ధూప్ ఛావ్' చిత్రమునకు పాటను ముందుగా రికార్డు చేసి, పిదప దానిని వినిపించుచు నటులచే పెదవులు కదిపించిరి. హిందీ చిత్రములలో నేపథ్యగానమునకు ఇది నాంది. సంగీత దర్శకులకు మేలైన కంఠములను ఎన్నుకొను వీలు కలిగెను. కాని పాడువారు మరుగున పడిరి. గ్రామఫోను రికార్డులపై సైతము పలుమారు పాత్ర పేరే అచ్చయ్యెడిది.

1949లో బాంబే టాకీస్ వారి 'మహల్' వెలువడినది. దర్శకుడు కమాల్ అమ్రోహీ. సంగీతము ఖేమ్‌చంద్ ప్రకాశ్. అందు మధుబాలపై చిత్రించిన పాట ఎచటనో దూరమునుండి సమీపించుచున్నట్లు వినబడవలెను. అందుకై మైకును గది నడుమ నుంచి, గాయనిని ఒక మూలనుండి పాడుచు నడచి రమ్మనిరి. అడుగు తప్పరాదు, శ్రుతి తప్పరాదు. సరియైన పదమునకు మైకు ముందు నిలువవలెను. ఇంత శ్రమించి పాడిన ఆ యువతి పేరు రికార్డుపై లేదు. దానిపై నున్నది 'కామిని' యను పాత్ర పేరు!

రేడియోలో ఆ పాట విన్నవారు ఊరకుండలేదు. ఈ కామిని ఎవరని ఉత్తరములు వ్రాసిరి. రేడియోవారు గ్రామఫోను కంపెనీవారి నడిగి ఆ పేరు తెలిసికొని శ్రోతలకు ప్రకటించిరి. ఆ పేరు లతా మంగేష్కర్.

పేరు దక్కినను గౌరవము వెంటనే దక్కలేదు. 1954లో ఫిలింఫేర్ బహుమతులు ఆరంభమైనపుడు సంగీత దర్శకులకు బహుమతి యున్నది గాని, గాయకులకు లేదు. 'చోరీ చోరీ' సంగీతమునకై 1957లో శంకర్–జైకిషన్‌లకు బహుమతి వచ్చినపుడు, ఆ సభలో పాడుటకు లత అంగీకరింపలేదు. 1959లో గాయకులకును బహుమతి ఏర్పడగా, 'మధుమతి'లోని పాటకు తొలిసారి దాని నందుకొన్నది ఆమెయే.

సముద్రముల కావల హాలీవుడ్‌లో ఈ మరుగు మరికొంతకాలము నిలిచెను. 'వెస్ట్ సైడ్ స్టోరీ' (1961)లో నటాలీ వుడ్‌కును, 'మై ఫెయిర్ లేడీ' (1964)లో ఆడ్రీ హెప్‌బర్న్ పాటలలో అధికభాగమునకును కంఠమిచ్చినది మార్నీ నిక్సన్. చిత్రముల విడుదలనాడు తెరపై ఆమె పేరు లేదు. తార తానే పాడినదని ప్రేక్షకుడు నమ్మవలెనని అచటి నిర్మాతల తలంపు. మన దేశముననో, నటి ఒకరు, గాయని వేరొకరు అని తెలిసియే జనులు ఇరువురిని మెచ్చుకొనిరి. 1955లో 'సంతానం' చిత్రమున సుసర్ల దక్షిణామూర్తిగారి సంగీతమునకు లత తెలుగున పాడినపుడు, వినువారికి ఆ పేరే ఒక వేడుక.

పాట వేయుటకు ముందు అనౌన్సరు గాయకుల పేరు చెప్పు ఆ క్షణకాలమును మనము పెద్దగా పాటింపము. పాటకై ఎదురుచూచుచుందుము. ఆ పేరు అచట నిలుచుటకు గాయకుల పట్టుదల ఎంత కారణమో, ఒక కార్డు ముక్కపై "ఈమె ఎవరు?" అని వ్రాసి పంపిన శ్రోతల కుతూహలమును అంత కారణము.